వేడినీళ్ళ బకెట్, ఊడల వంతెన

"ఎక్కడికైనా వస్తానే చిన్నీ. కానీ పొద్దున లేవగానే వేడి టీ, రాత్రి పడుకోబోయే ముందు కాళ్ళకి వేడినీళ్ళు, ఈ రెండూ ఉండాలి. అవి ఉంటే ఎంత కొండైనా ఎక్కుతాను."

మేఘాలయ వెళ్దామా అని అడిగితే మా అక్క పెట్టిన షరతు అదొక్కటే. అక్కకి 58, నాకు 52. ఇన్నేళ్ళూ మేం చేసిన ప్రయాణాలన్నీ ఎవరో ఒకరి వెంట చేసినవే. చిన్నప్పుడు నాన్నగారి వెంట, పెళ్ళయ్యాక మావాళ్ళ వెంట, తర్వాత పిల్లల వెంట. వాళ్ళు దిగమన్న చోట దిగేవాళ్ళం, వాళ్ళు ఎటు నడిస్తే అటు నడిచేవాళ్ళం. మేమిద్దరమే టికెట్లు తీసుకుని, దారి మేమే అడుక్కుంటూ, నచ్చినచోట ఆగుతూ వెళ్ళడం ఇదే మొదటిసారి.

మేఘాలయే ఎందుకంటే, నేను ఇరవై ఆరేళ్ళు సోషల్ టీచర్‌గా పనిచేశాను. ప్రతి ఏడూ బోర్డు మీద చిరపుంజి అని రాశాను. 1860 ఆగస్టు నుంచి 1861 జులై దాకా అక్కడ 26,471 మిల్లీమీటర్ల వాన పడిందని పిల్లలతో చెప్పించాను. మా గోదావరి జిల్లాల్లో ఏడాది మొత్తం కురిసేది ఒక మీటరు పైచిలుకు. అక్కడ ఇరవై ఆరు మీటర్లు. అంత వాన పడే ఊళ్ళో మనుషులు ఏం తింటారు, బట్టలెలా ఆరబెట్టుకుంటారు, వాగులెలా దాటతారు అని ఒక పిల్ల ఒకసారి అడిగింది. నాకు జవాబు తెలియలేదు. ఉద్యోగం మానేశాక నేను మొదట చూడాలనుకున్న చోటు అదే.

రైలు టికెట్లు ఇప్పుడు 60 రోజుల ముందు నుంచే తీసుకోవాలి, ఇదివరకటిలా 120 రోజులు కాదు. సెప్టెంబరులో ఒకరోజు పొద్దున ఎనిమిదింటికల్లా ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. 45 దాటిన ఆడవాళ్ళకి లోయర్ బెర్త్ కోటా ఉంటుందని చాలామందికి తెలియదు. ఒక టికెట్ మీద ఒకరో ఇద్దరో అయితేనే అది పనిచేస్తుంది. మా ఇద్దరికీ థర్డ్ ఏసీలో ఎదురెదురు లోయర్ బెర్తులు దొరికాయి. రెండు రాత్రుల ప్రయాణంలో పైకి ఎక్కే పని లేకపోవడం మా వయసుకి ఎంత సుఖమో మాటల్లో చెప్పలేను.

ఇక సర్దుకోవడం. ఇంట్లో అందరూ తక్కువ సామాను పట్టుకెళ్ళమన్నారు. మేం బట్టలు తగ్గించాం గానీ కొన్ని వస్తువులు మాత్రం వదల్లేదు. చెరో స్టీలు గ్లాసు, ఒక ఫ్లాస్కు, ఇంటి నుంచి రెండు దిండు గలీబులు, ఒక సీసా కందిపొడి, చిన్న డబ్బాలో నెయ్యి, అమృతాంజన్, ఊలు సాక్సులు చెరో మూడు జతలు. దిండు గలీబు దేనికని మా అబ్బాయి అడిగాడు. తెలియని ఊళ్ళో, తెలియని మంచం మీద మొహానికి మన ఇంటి బట్ట తగిలితే నిద్ర పడుతుంది. అది నాకు ఈ ప్రయాణంలో ప్రతి రాత్రీ అనుభవమైంది. అక్క ఇంకొకటి కూడా పెట్టింది, ఒక ప్రమిద, 365 వత్తుల కట్ట. మేం వెళ్ళేది కార్తీక మాసంలో.

రాజమండ్రిలో రాత్రి ఎక్కాం. రైలు ఉత్తరం వైపు వెళ్తుంది కాబట్టి మన గోదావరి వంతెన దాటదు. అక్కకి ఆ లోటు కనిపించింది. "ఏ ప్రయాణమైనా గోదాట్లో రూపాయి వేసి మొదలెట్టాలి" అంది. ఆ రూపాయిని కొంగున ముడేసుకుని పడుకుంది.

పొద్దున ఏడు దాటాక బరంపురం తర్వాత కిటికీ పక్కన చిలికా సరస్సు మొదలైంది. పట్టాలకి దగ్గరగా నీళ్ళు, నీళ్ళలో కర్రలు పాతి కట్టిన వలలు, దూరంగా కొండలు. చలికాలానికి వచ్చిన పక్షులు గుంపులు గుంపులుగా. సరిగ్గా అప్పుడే టీ అబ్బాయి వచ్చాడు. కాగితం కప్పు వద్దని మా గ్లాసులు చాపాం. ఆ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, కాళ్ళు పైకి ముడుచుకుని, సరస్సు అయిపోయేదాకా మేం ఒక్క మాట మాట్లాడుకోలేదు. ఇంట్లో ఆ వేళకి నేను ఒక చేత్తో టీ తాగుతూ ఇంకో చేత్తో కూర కలుపుతుంటాను. టీకి ఇంత రుచి ఉంటుందని నిజంగా మర్చిపోయాను.

మధ్యాహ్నం పులిహోర. సాయంత్రం బెంగాల్లో ఝాల్‌ముడి అమ్మే ఆయన ఎక్కాడు. మెడకి తగిలించుకున్న పెట్టెలో అరడజను డబ్బాలు. మరమరాల్లో ఉల్లిపాయ, పచ్చిమిర్చి, ఉడికిన శెనగలు, కొబ్బరి ముక్క, పైన పచ్చి ఆవనూనె. ఆ ఆవనూనె ఘాటు ముక్కులోంచి నెత్తికెక్కింది. మన ముంత మసాలాకి దూరపు చుట్టంలా ఉంది. అక్క మొదట మొహం చిట్లించింది, తర్వాత ఇంకో పొట్లం కట్టించుకుంది.

అర్ధరాత్రి దగ్గర పడుతుండగా రైలు నెమ్మదించింది. ఫరక్కా. గంగ మీద 1975లో మొదలైన బ్యారేజీ, రెండు కిలోమీటర్లకు పైగా పొడవు, దాని మీదుగానే రైలు దారి. హుగ్లీలోకి నీళ్ళు మళ్ళించి కోల్‌కతా రేవుకి పూడిక తగ్గించడానికి కట్టారని క్లాసులో చెప్పేదాన్ని. అక్కని లేపాను. ఇద్దరం తలుపు దగ్గరికి వెళ్ళాం, అటెండర్ గారు తలుపు తీయకూడదమ్మా అన్నారు. కిటికీ అద్దానికి నుదురు ఆనించి చూశాం. దీపాల వెలుగులో గేట్లు, కింద నల్లటి నీళ్ళు, ఎంతకీ అయిపోని నది. అక్క కొంగు ముడిలో రూపాయి పట్టుకుని దణ్ణం పెట్టుకుంది. "గంగమ్మకి వేద్దామనుకున్నా, అద్దం అడ్డొచ్చింది. ముందింకా బ్రహ్మపుత్ర ఉందిగా" అంది.

గువాహటికి రైలు నాలుగు గంటలు ఆలస్యంగా చేరింది. ముందే డబ్బు కట్టి బుక్ చేసుకున్న హోటల్‌కి వెళ్తే మా గది ఇంకొకరికి ఇచ్చేశామన్నారు. చీకటి పడిపోయింది. నాకు ఒళ్ళంతా చెమట పట్టింది. ఇంతకాలం ఇలాంటప్పుడు మాట్లాడడానికి ముందు ఒక మగమనిషి ఉండేవాడు. అక్క మాత్రం రిసెప్షన్ ముందు కుర్చీలో స్థిరంగా కూర్చుని, ఫ్లాస్కు తీసి, రైల్లో పోయించుకున్న టీ రెండు గ్లాసుల్లో వంచింది. "ముందు ఇది తాగు. తర్వాత ఆలోచిద్దాం."

తాగాను. టీ సగంలో ఉండగా గుర్తొచ్చింది, రైల్వే స్టేషన్లో రిటైరింగ్ రూములు ఉంటాయి, ప్రయాణం చేసిన టికెట్ పీఎన్ఆర్ ఉంటే ఇస్తారు. వెనక్కి నడిచి వెళ్ళి అడిగాం. ఒకటి ఖాళీగా ఉంది. ఎత్తైన సీలింగ్, రెండు ఇనుప మంచాలు, ఉతికిన తెల్ల దుప్పట్లు, గీజర్. మా గలీబులు తొడుక్కుని పడుకుంటే కింద ప్లాట్‌ఫారం మీద అనౌన్స్‌మెంట్లు వినిపిస్తూనే ఉన్నాయి, అయినా నిద్ర ముంచుకొచ్చింది. డబ్బు వెనక్కి రావడానికి మూడు వారాలు పట్టింది. కానీ ఆ రాత్రి తర్వాత నాకు ఏ ఊళ్ళోనూ టెన్షన్ రాలేదు.

మర్నాడు కామాఖ్య. అష్టాదశ శక్తిపీఠాల్లో పిఠాపురం, ద్రాక్షారామం మాకు పక్కనే, చిన్నప్పటి నుంచీ వెళ్తున్నవే. కామాఖ్య చూడాలని అక్కకి ఎప్పటినుంచో ఉంది. తెల్లవారుజామున లైన్లో నిలబడితే మధ్యాహ్నానికి దర్శనమైంది. విగ్రహం ఉండదు. చీకట్లో మెట్లు దిగి, ఊట నీళ్ళతో తడిసి ఉండే రాయిని చేత్తో తాకి రావాలి. అక్క బయటికొచ్చి చాలాసేపు తడి చెయ్యి తుడుచుకోలేదు. నేను ఏమీ అడగలేదు. సాయంత్రం బ్రహ్మపుత్ర ఒడ్డుకి వెళ్ళినప్పుడు ఆ రూపాయి కొంగులోంచి తీసి నీళ్ళలో వేసింది.

గువాహటి నుంచి షిల్లాంగ్ వంద కిలోమీటర్లు. షేర్ సుమోలో ముందు సీట్లు రెండూ కాక, వెనక ఇంకో సీటుకి కూడా డబ్బులిచ్చి సంచులు పెట్టుకున్నాం. దుబారా అనిపించవచ్చు, కానీ మూడు గంటల ఘాట్ రోడ్డు మీద మోకాళ్ళు చాపుకుని కూర్చోవడం మాకు అవసరం. షిల్లాంగ్ దగ్గర పడుతుండగా లోయలో ఉమియమ్ సరస్సు కనిపించింది. షిల్లాంగ్‌లో ఒక రాత్రి ఉన్నాం. చలి తప్ప అక్కడ మాకు పెద్దగా గుర్తున్నది లేదు.

చిరపుంజిని అక్కడివాళ్ళు సొహ్రా అంటారు. అంత వాన ఊరు కదా, పచ్చగా చెట్లతో ఊహించుకున్నాను. తీరా చూస్తే ఎండిన గడ్డి మైదానాలు. దిగుతూనే కనిపించింది, వీధి కుళాయి దగ్గర వరసగా ప్లాస్టిక్ బిందెలు. ప్రపంచంలో రికార్డు వాన పడిన ఊళ్ళో చలికాలం నీళ్ళకి కటకట. కురిసినదంతా ఏటవాలు మీదుగా కిందకి, బంగ్లాదేశ్ మైదానాల వైపు జారిపోతుంది. నేలలో ఇంకదు. ఇరవై ఆరేళ్ళు పాఠం చెప్పిన నాకు ఇది పుస్తకంలో ఎక్కడా దొరకలేదు, ఆ బిందెల వరస చూశాకే తెలిసింది.

మేం దిగిన హోమ్‌స్టే ఆవిడది అక్క వయసే. అక్కడివాళ్ళ భాష ఖాసీలో పెద్దామెని కాంగ్ అంటారు, మనం అక్కా అన్నట్టే. చిన్నప్పుడు హిందీ ప్రచార సభ పరీక్షలు రాసిన నా హిందీ, ఆవిడ హిందీ కలిపి మాట్లాడుకున్నాం. వేడినీళ్ళు అడిగితే బకెట్‌కి 50 రూపాయలన్నారు. కట్టెల పొయ్యి మీద కాచి, రెండు చేతులా మోసుకుని తెచ్చారు. నీళ్ళలోంచి పొగ వాసన వస్తోంది. అక్క ఆ బకెట్‌లో చెంబు ముంచబోయి ఆగింది. "ఇవి ఎంత దూరం నుంచి తెచ్చారో అడుగు" అంది. అడిగాను. ఆవిడ వీధి చివరికి చెయ్యి చూపించి, వేళ్ళతో నాలుగు అని చెప్పారు. రోజుకి నాలుగు సార్లు. అక్క ఆ రోజు స్నానం మానేసి కాళ్ళు మాత్రం కడుక్కుంది.

మర్నాడు పొద్దున ఏడింటికి టిర్నా ఊరి చివర నిలబడ్డాం. అక్కడి నుంచి కింద లోయలో ఊడల వంతెన ఉన్న నోంగ్రియాట్ ఊరికి మోటారు దారి లేదు. మెట్లే. మూడు వేల పైచిలుకు. చాలామంది పొద్దున దిగి సాయంత్రానికి ఎక్కేస్తారు. మేం కింద రెండు రాత్రులు ఉండేలా అనుకున్నాం. ఇది నేను మా వయసువాళ్ళందరికీ గట్టిగా చెప్పే మాట, అదే రోజు తిరిగి ఎక్కాలనే ఆలోచన పెట్టుకోకండి. నవంబరులో అక్కడ నాలుగున్నరకే పొద్దు కుంకుతుంది. ఆ తొందరలో వెళ్తే మెట్లు తప్ప ఏమీ కనిపించవు.

పైన ఒక పిల్లాడు వెదురు కర్రలు అమ్ముతున్నాడు. చెరోటి తీసుకున్నాం. మెట్లు ఇరుకు, కొన్నిచోట్ల పాదం పూర్తిగా ఆనదు. అక్క పక్కకి తిరిగి, ఒక్కో మెట్టుకి రెండు కాళ్ళూ ఆనించి దిగింది. యాభై మెట్లకోసారి కూర్చున్నాం. కూర్చున్న ప్రతిసారీ ఏదో ఒకటి కనిపించింది. పోకచెట్ల తోట, సీతాకోకచిలుకలు, ఒక సాలెగూడు మీద నిలిచిన మంచు బొట్లు. ఒకాయన నుదుటికి పట్టీ వేసుకుని, వీపు మీద వెదురు బుట్టలో బియ్యం బస్తా పెట్టుకుని మమ్మల్ని దాటి దిగిపోయారు. కింద ఊళ్ళో మేం తినబోయే అన్నం అలా వెళ్తోంది.

మెట్ల తర్వాత వాగుల మీద ఇనుప తీగల వంతెనలు. కాళ్ళ కింద కడ్డీల మధ్య నుంచి నీళ్ళు కనిపిస్తాయి, అడుగు పడినప్పుడల్లా వంతెన ఊగుతుంది. అక్క మొదటి వంతెన ముందు ఆగిపోయింది. నేను ముందు వెళ్ళి అవతల నిలబడ్డాను. ఐదు నిమిషాలు కదల్లేదు. తర్వాత కర్ర నాకు విసిరేసి, రెండు చేతులతో తీగలు పట్టుకుని, పెదాలు కదుపుతూ వచ్చింది. లలితా సహస్రం చదువుకుంటూ వచ్చానని చెప్పింది. రెండో వంతెన దగ్గర మాత్రం తనే ముందు నడిచింది. మధ్యలో ఆగి కిందకి చూసింది కూడా.

దాదాపు నాలుగు గంటలు నడిచి నోంగ్రియాట్ చేరాం. ఊరు దాటి నాలుగడుగులు వేస్తే ఎదురుగా ఊడల వంతెన. ఒకదాని మీద ఒకటి, రెండు అంతస్తులు.

మన మర్రి ఊడలు తెలుసు కదా, కిందకి దిగి నేలలో పాతుకుంటాయి. ఇక్కడ అదే జాతికి చెందిన రబ్బరు మర్రి. వాగు ఒడ్డున చెట్టుంటే, లేత ఊడలని వెదుళ్ళ మీదుగానో, తొలిచిన పోక దూలాల్లోనుంచో అవతలి ఒడ్డుకి పాకిస్తారు. అక్కడ నేలలో నాటుకున్నాక మిగతా ఊడలని వాటితో అల్లుతారు. మనిషి బరువు మోసేంత గట్టిపడడానికి పదిహేను, ఇరవై, ఒక్కోసారి ముప్ఫై ఏళ్ళు పడుతుంది. కర్ర వంతెన ఆ వానకి కుళ్ళిపోతుంది, ఇనుము తుప్పు పడుతుంది. ఇది బతికున్న చెట్టు కాబట్టి ఏడాదికేడాది బలపడుతుంది. ఊడలు పాకించినవాళ్ళు చాలాసార్లు తాము దాటడానికి కాదు, పిల్లలు దాటడానికి పాకిస్తారు. వాగులెలా దాటతారని అడిగిన ఆ పిల్ల గుర్తొచ్చింది నాకు. ఇప్పుడు ఎక్కడుందో తెలియదు.

నేను చెప్పులు విప్పి నడిచాను. రాళ్ళు పరిచిన దారి చల్లగా ఉంది. పక్కన చెయ్యి ఆనించిన ఊడ నా నడుమంత లావు, బెరడు మీద నాచు, ఒకచోట కొత్తగా పుట్టిన సన్నటి ఊడని ఎవరో పాత ఊడ చుట్టూ తిప్పి వదిలారు. చిటికెన వేలంత ఉంది. లేత చివర ఎర్రగా, తడిగా ఉంది. నేను చాలాసేపు దాని దగ్గరే కూర్చున్నాను.

ఆ ఊళ్ళో మేమున్న ఇంట్లో రెండు చాపలు, రెండు దుప్పట్లు, ఒక బల్బు. భోజనం అన్నం, పప్పు, ఆలుగడ్డ. అక్క తన అన్నంలో కందిపొడి, నెయ్యి కలిపి ఇంటావిడకి ఒక ముద్ద పెట్టింది. ఆవిడ బదులుగా ఎండుచేపల పచ్చడి తెచ్చారు, తుంగ్‌తాప్ అంటారట. కార్తీకమని అక్క ముట్టలేదు. నాకు ఆ నియమం లేదు. నిప్పుల మీద కాల్చి, పచ్చిమిర్చితో నూరిన ఆ రుచికి మా అమ్మమ్మ గారి ఊరు గుర్తొచ్చింది. తర్వాత తాంబూలం, వాళ్ళ మాటలో క్వాయ్. పచ్చి వక్క, తమలపాకు, సున్నం. నమిలిన నిమిషానికి చెవులు వేడెక్కి ఒళ్ళంతా వెచ్చబడింది. ఆ చలిలో అంతకన్నా సుఖం లేదు.

ఆవిడ మాటల్లో మమ్మల్ని అడిగారు, మీ అమ్మగారి ఇల్లు ఎవరికి వచ్చిందని. అన్నయ్యకి అని చెప్పాం. ఆవిడ ఆశ్చర్యపోయారు. ఖాసీల్లో ఇల్లు ఆఖరి కూతురిది. ఆఖరి దానివి నువ్వే కదా అని నా వైపు చూశారు. అక్క నా భుజం మీద చెయ్యేసి, "అయితే ఇల్లు దీనిదే. నేను దీనింట్లోనే ఉంటాను" అంది తెలుగులో. నేను హిందీలో చెప్పాక ఆవిడ తల ఊపి, అలాగే ఉంటారు మా దగ్గర కూడా అన్నారు.

రెండో రాత్రి పున్నమి. లోయ కాబట్టి చంద్రుడు కొండ దాటి రావడానికి టైమ్ పట్టింది. అక్క ఇంటావిడని అడిగి గుమ్మం పక్కన రాతి మీద ప్రమిద పెట్టి, మా నెయ్యంతా పోసి, 365 వత్తులూ వెలిగించింది. పక్కింటి పిల్లలు వచ్చి చుట్టూ కూర్చున్నారు. ఇదేంటని ఒక పాప అడిగితే, ఏడాదిలో రోజుకొకటి లెక్కన అన్ని దీపాలూ ఇవాళే వెలిగించామని చెప్పాను. ఆ పాప మంట పూర్తిగా ఆరిపోయేదాకా కదల్లేదు.

ఎక్కడం దిగడం కన్నా కష్టమనుకున్నాం. అక్కకి మోకాళ్ళు ఎక్కేటప్పుడే నయమనిపించాయి. ఊపిరి అందక ఆగింది గానీ నొప్పితో ఆగలేదు. పొద్దున ఆరున్నరకి బయల్దేరి పన్నెండు కాకముందే టిర్నాలో ఉన్నాం. అక్కడ ఒక కొట్లో మా స్టీలు గ్లాసుల్లో పాలులేని ఎర్ర టీ పోయించుకున్నాం. వెళ్తూ ఖుబ్లెయ్ అని చెప్పాను, థాంక్స్ అనడానికి వాళ్ళ మాట. కొట్టు ఆవిడ నవ్వి, డబ్బులు తీసుకుని, ఒక వక్క ముక్క చేతిలో పెట్టారు.

సొహ్రాలో హోమ్‌స్టే ఆవిడ మమ్మల్ని చూడగానే పొయ్యి రాజేశారు. మేం అడగకముందే. కాసేపటికి రెండు బకెట్లు తెచ్చి తలుపు దగ్గర పెట్టబోతుంటే అక్క ఎదురెళ్ళి ఒకటి వెనక్కి తోసేసింది. "ఒకటి చాలు కాంగ్" అంది. ఆ పొగవాసన నీళ్ళలో ఇద్దరం ఒకే బకెట్లో కాళ్ళు పెట్టుకుని, చన్నీళ్ళు అయ్యేదాకా కూర్చున్నాం. తర్వాత అక్క ఆ నీళ్ళు మెల్లగా మోసుకెళ్ళి పెరట్లో ఆవిడ వేసుకున్న మిరప మొక్కల మొదట్లో పోసింది.